దేవుడి బల్ల మీద గోళీల సీసా

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం మా సంఘం నుంచి ఆరుగురు మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. తిరుమలగిరిలో మేముండేది మూడో అంతస్తు, ఆ వారమంతా లిఫ్టు పనిచేయలేదు, పాపం ఆయాసపడుతూనే ఎక్కి వచ్చారు. మా ఆయనకు అన్నవాహికలో కాన్సర్ అని తెలిసి అప్పటికి ఐదు నెలలు. కీమో సూదులు సగం అయ్యాయి, ఇంకా సగం ఉన్నాయి. వచ్చినవాళ్ళు మంచివాళ్ళు, అందులో నాకు అనుమానం లేదు. మంచం చుట్టూ నిలబడి పాడారు, ఆయన తలమీద చేతులుంచి కన్నీళ్ళతో ప్రార్థించారు, నేనూ ఏడ్చాను. తర్వాత వాళ్ళలో ఒకమ్మాయి సెల్‌ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టి, అంకుల్ స్వస్థత పొందారని విశ్వాసంతో ఒక్క నిమిషం సాక్ష్యం చెప్పమంది, గ్రూపులో పెడతామంది. ఇంకా తగ్గలేదమ్మా అన్నాను. తగ్గకముందే చెప్పడమే కదా ఆంటీ విశ్వాసం అంది. నేను ఆ ఫోన్‌ని చేత్తో పక్కకు నెట్టాను. కొంచెం గట్టిగానే నెట్టినట్టున్నాను, అది వెళ్ళి సోఫాలో పడింది. నా నోరూ చెయ్యీ మెత్తనివి కావని నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ తెలుసు, ఆ అమ్మాయికి తెలియదు పాపం. ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు మెట్లు దిగుతుండగానే మా ఆయన మంచంమీంచి, "చెప్తే ఏం పోయేది సుగుణా? నువ్వు చెప్తే నేను ఆ సూదులు బందు చేసుకుందును" అన్నాడు. సూది వేయించుకున్న వారం రోజులూ ఆయన పడే బాధ చూస్తున్నదాన్ని, నవ్వులాటకు అన్నాడనుకున్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ అన్నాడు. సాయంత్రం మా కోడలితోనూ అన్నాడట. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఆ భయం నాకు కొత్తది కాదు. పదకొండేళ్ళప్పుడు ఒకసారి వచ్చింది, ఐదు రోజులు ఉంది. ఆ ఐదు రోజుల గురించి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నలభై ఏళ్ళు కాపురం చేసిన ఈయనకు కూడా.

మేమప్పుడు లాలాగూడలో, రైలు పట్టాలకు దగ్గరగా ఒక సందులో ఉండేవాళ్ళం. ఒకటిన్నర గది. బండి పోయినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి, ఆ చప్పుడుకు మా చంటి తమ్ముడు నిద్రలో నవ్వేవాడు. మా నాయన దేవదానం కట్టెకోత కార్ఖానాలో పనిచేసేవాడు. అది మా ఇంటికి రెండు సందుల అవతల. వారానికొకసారి ఆయన గోనెసంచీ నిండా రంపపు పొట్టు భుజాన వేసుకొచ్చేవాడు. అమ్మ ఆ పొట్టుతో పొయ్యి కూరేది. రేకుడబ్బా మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి, పిడికిలితో గట్టిగా అదిమి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేది. పొట్టు కూలిపోకుండా సీసా బయటికి రావాలి. అది రావడానికి అమ్మ ఊపిరి బిగబట్టేది, పక్కన కూర్చున్న నేనూ బిగబట్టేదాన్ని. మా అన్నానికి, మా బట్టలకు, నాయన జుట్టుకు ఒకటే వాసన, టేకు పొట్టు వాసన. ఇప్పుడు ఎక్కడైనా కొత్త తలుపులు బిగిస్తుంటే నేను అక్కడ ఊరికే కాసేపు నిలబడతాను. పనివాళ్ళు ఏం కావాలమ్మా అని అడిగితే కదులుతాను.

నాయనకు పని అంటే గర్వం. పెన్సిలు చెవి వెనక ఉండేది గానీ దానితో గీత గీయడం నేను చూడలేదు. కంటితో చూసి కోసేవాడు, దూలం రెండుగా విడిపోతే రెండూ ఒక్క తూకం ఉండేవి. పళ్ళచక్రం తిరిగే పెద్ద కోత మిషన్ ఆయనది. దాని దగ్గర పనిచేసినవాళ్ళు మా సందులోనే ముగ్గురు ఉండేవాళ్ళు, వాళ్ళలో ఏ ఒక్కరికీ వేళ్ళన్నీ లేవు. ఒకాయనకు మణికట్టు దాకా లేదు. అందుకే నాయనకు మొదటిసారి మూర్ఛ వచ్చి కార్ఖానా నీళ్ళకుండ దగ్గర పడిపోయినప్పుడు డాక్టరు మొదట చెప్పిన మాట, ఈ మనిషి మిషన్ దగ్గరికి పోవద్దని. పొద్దునొకటి సాయంత్రమొకటి తెల్లగోళీలు రాసిచ్చాడు. కార్ఖానాలో మేస్త్రీ ఆశీర్వాదం గారు మా సంఘంలో పెద్ద, ముందు వరసలో కూర్చునే మనిషి. ఆయన దయవల్ల పని పోలేదు, కానీ మిషన్ పోయింది. నాయన చేతికి చీపురు వచ్చింది. తాను కోసిన చోటే ఇంకొకడు కోస్తుంటే ఆ రాలిన పొట్టు ఊడ్చి మూటలు కట్టాలి.

ఆ ఏడాదంతా నాయన ఇంట్లో మాట తగ్గించేశాడు. పొద్దున చాప మీద కూర్చుని వాక్యం చదివేటప్పుడు తప్ప ఆయన గొంతు వినేవాళ్ళం కాదు. అమ్మ ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది. సంవత్సరం పొడుగునా మూర్ఛ రాకపోతే గోళీల సీసా తీసుకెళ్ళి దేవుడి బల్ల మీద పెడతానని మొక్కుకుంది. ఏడాది గడిచింది. మూర్ఛ రాలేదు. ఇప్పుడు ఎవరైనా చిన్నపిల్ల కూడా చెబుతుంది, అది గోళీల వల్లనే రాలేదని. మాకు తోచలేదు. నేను క్లాసులో ఫస్టు వచ్చేదాన్ని, నాకూ తోచలేదు. ప్రార్థన చేశాం, రాలేదు, అంతే.

ఆ ఆదివారం అమ్మ తెల్లచీర గంజిపెట్టి కట్టుకుంది. మా మందిరంలో ఆడవాళ్ళు ఎడమపక్క చాపల మీద, మగవాళ్ళు కుడిపక్క, మధ్యలో నడవడానికి దారి. పాటలయ్యాక సాక్ష్యాల సమయంలో అమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. సంవత్సరం నుంచి మా ఆయనకు ఫిట్స్ రాలేదు, దేవుడే బాగుచేసిండు, ఇక ఈ గోళీలతో మాకు పనిలేదు అని చెప్పి, రుమాల్లోంచి ఆ గోధుమరంగు సీసా తీసి, నడిచివెళ్ళి బల్ల మీద పెట్టింది. అందులో ఇంకా సగం పైగా గోళీలున్నాయి. మందిరమంతా స్తోత్రం అని ఒక్కసారి మోగింది. పాస్టరు అయ్యగారు ఆ సీసాను అందరికీ కనబడేలా పైకెత్తారు. ఆశీర్వాదం గారు లేచి, దేవుడు బాగుచేసినవాడి చేతికి మనం చీపురు ఇస్తే అది అవిశ్వాసమవుతుంది, రేపటి నుంచి దేవదానం మళ్ళీ మిషన్ ఎక్కుతాడు అని అందరి ముందూ ప్రకటించారు. నాయన చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. నాకు ఎంత గొప్పగా అనిపించిందంటే, మందిరం బయట పిల్లలు నా చుట్టూ చేరితే నేను వాళ్ళకు మా అమ్మ ఎన్ని ఉపవాసాలు ఉందో రెండింతలు చేసి చెప్పాను.

రెండు నెలలు ఇల్లు పండగలా ఉంది. నాయన ఈల వేస్తూ స్నానం చేసేవాడు. తర్వాత ఒక మంగళవారం తెల్లవారి, చాప మీద వాక్యం తెరిచి మొదటి మాట చదవబోయి ఆగిపోయాడు. చూపు గోడకు అతుక్కుపోయింది. గొంతులోంచి ఒక అరుపు, మనిషిది కాదన్నట్టు. పక్కకు ఒరిగిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ ఆయన తల పట్టుకుంది, నేను కాళ్ళు పట్టుకున్నాను, అవి నన్ను విసిరికొట్టాయి. ఎదురింటి సంతోషమ్మ ఆ అరుపు విని వచ్చింది. ఆమె మందిరం ఊడ్చే ముసలావిడ, ఎవరూ లేని మనిషి. వచ్చి ఏమీ అడక్కుండా నాయనను పక్కకు తిప్పి, నోట్లో నురగ తన కొంగుతో తుడిచి, అది ఆగేదాకా ఆయన వీపుమీద చెయ్యి వేసి కూర్చుంది. మెలకువ వచ్చాక నాయన అడిగిన మొదటి మాట, ఎవరన్న చూసిండ్రా అని.

పనికి పోవద్దని అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది. నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "పోకపోతె ఏమని చెప్పాలె? దేవుడు చేసింది ఉత్తదే అని చెప్పాల్నా?" అన్నాడు. గోళీలైనా వేసుకొమ్మంది. "బల్ల మీద పెట్టింది మళ్ళ నోట్లె పెట్టుకోవాల్నా? నువ్వే గద పెట్టినవు" అన్నాడు. ఎవరితోనూ అనబోమని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుని, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంతోషమ్మ దగ్గర మాట తీసుకోలేదు. ఆమె మాట్లాడే మనిషని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

మా ఇంటికి మిషన్ చప్పుడు వినబడేది. మామూలుగా అది మాకు చెవిన పడనే పడదు. ఆ రోజు నుంచి అది తప్ప ఇంకేమీ వినబడలేదు. కొయ్య ఆనితే చప్పుడు బరువెక్కుతుంది, కోత అయిపోతే తేలికవుతుంది. ఎప్పుడైనా మధ్యలో ఆగిందా, అమ్మ చెయ్యి ఉన్నచోటే ఆగిపోయేది. బియ్యంలో ఉంటే బియ్యంలో, తమ్ముడి వీపుమీద ఉంటే వీపుమీద. మళ్ళీ మొదలయ్యాకే ఆమె ఊపిరి వదిలేది. నేను బడిలో కూర్చుని కూడా చెవులు అటే పెట్టేదాన్ని, అక్కడికి వినబడదని తెలిసీ. నా ప్రార్థన ఒక్కటే. మా నాయన చేతులు వద్దు, నావి తీసుకో. అది ప్రేమ అనుకునేదాన్ని. అమ్మ ఆ సీసా పట్టుకెళ్ళేటప్పుడు వద్దని ఒక్కరం అనలేదన్న భయం దాని కింద ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

బుధవారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఖాజా ఇంటికి వెళ్ళింది. ఖాజా కార్ఖానాలో నాయన పక్కన నిలబడి కోసిన చెక్కను అవతలినుంచి అందుకునే మనిషి. నాయనకన్నా చిన్నవాడు, అన్నా అనేవాడు. అమ్మ ఇచ్చిన మాట తప్పి అంతా చెప్పింది. జెర ఆయన మీద కన్నేసి ఉంచమని బతిమాలింది. ఖాజా తల వంచుకుని విన్నాడు. తనకు అనుమానం వచ్చిందని, నిన్న నాయన నడక తేడాగా ఉందని అన్నాడు. "చూస్త వదినా. కానీ నా కండ్లు చెక్క మీద ఉండాలె, లేకుంటె నా చెయ్యి పోతది. ఎంతసేపని చూస్త? గోళీలు ఏపియ్యి" అన్నాడు. ఇంతకన్నా నిజం ఆ వారంలో మాకు ఎవరూ చెప్పలేదు. గురువారం అమ్మ ఒక్కతే గోళీలకోసం ఆసుపత్రికి వెళ్ళింది. రోగి రాకుండా ఇవ్వరని తిప్పి పంపారు. శుక్రవారం ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు. సాయంత్రం పొయ్యి కూరుతుంటే పొట్టు కూలిపోయింది. మళ్ళీ కూరింది, మళ్ళీ కూలింది. ఆ పొట్టులో చేతులు పెట్టుకుని, నన్ను పక్కకు పొమ్మని కూడా అనకుండా, పెద్దగా ఏడ్చింది. దేవా దేవా అని కూడా అనలేదు, ఊరికే ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనం వేళకు ఖాజా పరుగున వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. దూలం సగం కోతలో ఉండగా దేవదానమన్న చూపు నిలిచిపోయిందని, చేతులు మాత్రం చెక్కను నెడుతూనే ఉన్నాయని, తాను అటునుంచి చెక్కను గుంజి, మిషన్ బందు చేసి, ఆయన్ను వెనక్కి లాగానని చెప్పాడు. ఎడమచెయ్యి బొటనవేలి గోరు కొస ఎగిరిపోయింది, అంతే. రెండు నిముషాల్లో తేరుకుని, ఏమీ కాలేదు, కళ్ళలో పొట్టు పడింది అని అందరికీ చెప్పి, గుడ్డ చుట్టుకుని మళ్ళీ కోస్తున్నాడట. అమ్మ తమ్ముణ్ణి నా చంకకెత్తి తిన్నగా మేస్త్రీ గారి ఇంటికి పోయింది. వెనకే నేనూ పోయాను. ఆశీర్వాదం గారు అన్నం తింటున్నారు. అమ్మ చెప్పింది విని ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "నీ నోటితోనే చెప్పినవు గదమ్మా. నీ మాట మీద నేను సుత నిలబడి చెప్పిన. ఇప్పుడు చాటుంగ వాపసు తీసుకుంటె, రేపు సంఘం మొకం ఎట్ల చూడాలె?" అన్నారు. ఆయన్ను ఆ రోజు నేను రాక్షసుడనుకున్నాను. కాదు. భయపడ్డ మనిషి, మాలాగే. అమ్మ వెనుదిరిగి వచ్చేసింది. దారిలో నాతో, "నలుగుట్ల చెప్పింది నలుగుట్లనే తీయాలె బిడ్డా" అంది. నాకు అర్థం కాలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు మళ్ళీ తెల్లచీర. ఈసారి గంజి లేదు. సాక్ష్యాల సమయం రాగానే అమ్మ లేచింది. అందరూ ఆమె వైపు నవ్వుమొహాలతో తిరిగారు, ఇంకో మంచి కబురు వింటామని. కుడిపక్క నాయన తలెత్తి చూశాడు. ఆయన వద్దని తల ఊపడం నాకు కనిపించింది, అమ్మకూ కనిపించే ఉంటుంది.

"రెండు నెలల కింద నేను ఈడ నిలబడి చెప్పింది తప్పు" అంది అమ్మ. "మా ఆయనకు తగ్గలే. మంగళారం ఇంట్ల వచ్చింది, నిన్న మిషన్ కాడ వచ్చింది. గోళీలు బందు చెయ్యమని దేవుడు నాకు చెప్పలే. నేనే అనుకున్న. నలుగుట్ల గొప్పగ కనవడాలని అనుకున్న. ఆ సీసా నాకు వాపసు ఇయ్యుండ్రి అయ్యగారూ."

ఎవరూ స్తోత్రం అనలేదు. అమ్మ పక్కన కూర్చున్నావిడ తన కొంగు అమ్మకు తగలకుండా దగ్గరికి తీసుకుంది, ఆవిడ పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది, రాయను. ఎవరో పాట ఎత్తుకోబోయి ఆపేశారు. అయ్యగారు మెత్తగానే, కూర్చో తల్లీ, ఇది శోధన, నీ విశ్వాసం కోసం అందరం ప్రార్థన చేద్దాం అన్నారు. అమ్మ కూర్చోలేదు. "ప్రార్థన చేయుండ్రి. సీసా ఇచ్చి చేయుండ్రి" అంది. మనిషి కదల్లేదు. ఎంతసేపు అలా నిలబడిందో. పక్కన కూర్చున్న నా కళ్ళకు ఆమె మడమలు మాత్రమే కనబడుతున్నాయి, పగిలిన మడమలు, వాటి సందుల్లో పొట్టు. అప్పుడు వెనకనుంచి సంతోషమ్మ లేచి ముందుకొచ్చి అమ్మ పక్కన నిలబడింది. తాను చూసిన మంగళవారం గురించి ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. ఊరికే నిలబడింది. అయ్యగారు ఆ ఇద్దరినీ చూసి, బీరువా తాళం తీశారు. గోళీల సీసా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం గిన్నెల వెనక ఉంది.

అమ్మ సీసా తీసుకుని మధ్యదారి దాటి మగవాళ్ళ వైపు నడిచింది. ఆడవాళ్ళు ఆ దారి దాటడం మా మందిరంలో ఎవరూ ఎరగరు. నాయన ముందు మోకాళ్ళూని సీసా చాప మీద పెట్టింది. నాయన లేచాడు. సీసాను దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు, చెప్పులు కూడా వేసుకోకుండా. ఎండలో ఆ ఉత్తకాళ్ళతోనే లాలాగూడ సందులన్నీ నడిచి ఇంటికి పోయాడు. నేను ఆ చెప్పులు గుండెకు హత్తుకుని వెనక పరిగెత్తాను. ఆ రోజు మా అమ్మను నేను అసహ్యించుకున్నాను. నాయనను అందరి ముందు నిలువునా తీసేసిందనుకున్నాను. ఆయన ప్రాణం ఆమె చేతిలో ఉన్నదన్న సంగతి నాకు తెలిసీ, అవమానమే పెద్దదిగా కనబడింది.

సోమవారం కార్ఖానా గేటు దగ్గర ఆశీర్వాదం గారు నాయనకోసం నిలబడి ఉన్నారట. దేవదానం, ఇందులో నా తప్పు సుత ఉన్నది అన్నారట. నాయన లోపలికి పోయి చీపురు తీసుకున్నాడు. ఇదంతా ఖాజా చెబితే తెలిసింది. ఆ తర్వాతి ఆదివారం ఆశీర్వాదం గారు ముందు వరస వదిలి వెనక చాప మీద కూర్చున్నారు, తర్వాత ఎవరు పిలిచినా ముందుకు రాలేదు. నాయన మాత్రం అమ్మతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, నీళ్ళు ఇస్తే తాగేవాడు, గోళీ ఇస్తే తీసుకునేవాడు కాదు. మూర్ఛలు వస్తూనే ఉన్నాయి. మందిరానికి రావడం మానేశాడు.

గోళీ మింగించింది సంతోషమ్మ. ఒక సోమవారం పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చి మా గడప మీద కూర్చుంది. గోళీ అరచేతిలో పెట్టుకుంది. నాయన ఆమెను దాటి బయటికి పోలేకపోయాడు, పెద్దమనిషిని దాటకూడదని. పొమ్మంటే పోదు. మొదటి రోజు ఆయన పనికి ఆలస్యమైంది. రెండోరోజు కూడా ఆమె వచ్చింది. మూడోరోజు నాయనకు కోపమొచ్చి, నీ దేవుడు నాకు ఏం చేసిండు అని అడిగాడు. ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే అన్ని మాటలు కలిపి ఆమె ఒకేసారి మాట్లాడగా నేను విన్నది అప్పుడే. "నా నడుం నొప్పి ముప్పై ఏండ్ల సంది ఉన్నది దేవదానం. రోజు అడుగుతున్న. ఇంకా ఏం చెప్తలేడు. ఎందుకు చెప్తలేడో నాకు తెల్వది. అయినా పొద్దుగాల లేసి మందిరం ఊడుస్తున్న. నువ్వు సుత ఊడుస్తున్నవు. ఇద్దరం ఊడ్చేటోళ్ళమే. గోళీ ఏసుకో." నాయన గోళీ తీసుకున్నాడు. ఆమె ఆ గడప మీదికి ఎన్ని నెలలు వచ్చిందో నేను లెక్కపెట్టలేదు. వర్షం పడితే గోనెసంచీ తలమీద వేసుకుని వచ్చేది.

ఆ వానాకాలంలోనే ఒక ఆదివారం నాయన మాతోపాటు మందిరానికి వచ్చాడు. వెనక, ఆశీర్వాదం గారి పక్కన కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో లేచాడు. అమ్మ భయంతో నా చెయ్యి పట్టుకుంది. ఆయన ఎవరివైపూ చూడలేదు. "నాకు తగ్గలే" అన్నాడు. "గోళీలు ఏసుకుంటున్న. మిషన్ ఎక్కుత లేను. ఊడుస్తున్న. నా చేతులు ఉన్నయి. నా భార్య నలుగుట్ల సిగ్గుపడితె ఉన్నయి. గింతే." కూర్చున్నాడు. అయ్యగారు ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకున్నారు. ఆశీర్వాదం గారు ఒక్కరే, చాలా నెమ్మదిగా, స్తోత్రం అన్నారు. ఆ రోజు ఇంటికి వస్తూ నాయన అమ్మను, పొయ్యి కూరినవా అని అడిగాడు. ఐదు నెలల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

ఆయన మళ్ళీ ఎప్పుడూ మిషన్ ఎక్కలేదు. ఊడ్చే మనిషిగానే పోయాడు. అది ఆయనకు చివరిదాకా ముల్లులాగే గుచ్చుకుందని నాకు తెలుసు, వినయం వచ్చేసి అంతా చల్లబడిందని నేను చెప్పలేను. కొన్ని రోజులు కార్ఖానాలో ఆ మిషన్ ముందునుంచి పోకుండా చుట్టుతిరిగి పోయేవాడట. అయినా ఆ చేతులతోనే మా తమ్ముణ్ణి నడిపించాడు, నా పెళ్ళిలో నన్ను మందిరంలోకి నడిపించాడు. అమ్మ ఆ తర్వాత ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. అడిగితే నా వంతు అయిపోయిందని నవ్వేది.

ఇప్పుడు సాక్ష్యాలు మందిరంలో లేచి చెప్పనక్కరలేదు. ఫోన్‌లో వస్తాయి, పొద్దున్నే లేచేసరికి ఇరవై ఉంటాయి. అందరికీ తగ్గుతూనే ఉంటుంది. తగ్గనివాళ్ళు గ్రూపులోంచి మెల్లగా మాయమవుతారు, వాళ్ళు ఏమయ్యారని ఎవరూ అడగరు. అప్పటి మనుషులు మంచివాళ్ళు, ఇప్పటివాళ్ళు కారు అని నేను అనను, ఆ కొంగు దగ్గరికి తీసుకున్నావిడ అప్పటిదే కదా. కానీ అప్పుడు తప్పు చెప్పినా ఒక మనిషి లేచి నిలబడి చెప్పాలి, ఆ తప్పు తీసుకోవాలన్నా మళ్ళీ అక్కడే నిలబడాలి. పక్కన నిలబడడానికి ఒక సంతోషమ్మకైనా చోటుండేది. ఫోన్ పక్కన ఎవరు నిలబడతారు? నేను ఈ వయసులో గోడకు ఆనుకుని కూర్చుని ప్రార్థన చేస్తుంటే ఒక్కోసారి మాటలు రావు. దేవుడు ఉన్నాడని నమ్ముతాను. వింటున్నాడా అన్నది ఒక్కోరోజు తెలియదు. పొద్దున లేస్తున్నాను, ఆయనకు జావ కాస్తున్నాను, అది ఆయన గొంతు దిగేదాకా గిన్నె పట్టుకుని కూర్చుంటున్నాను.

ఫోన్ అమ్మాయి వచ్చి వెళ్ళిన నాలుగోరోజు, సూదికి ఇంక రెండు రోజులున్నాయనగా, మా ఆయన మళ్ళీ బందు మాట ఎత్తాడు. ఈసారి గొంతు పెద్దది చేసి అన్నాడు. నేను వాదించలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, మంగళవారం తెల్లవారి నాయన చాప మీద ఒరగడం దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ఐదయింది. అయిపోయాక కిటికీవైపు చూస్తూ, "ఆఖరికి తగ్గిందా మీ నాయనకు?" అన్నాడు. లేదు, పోయేదాకా వేసుకున్నాడు అని చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి ఎంత తేలికైపోయిందో నాకు అప్పుడు తెలిసింది.

"ఎల్లుండి పొద్దుగాల ఎన్నింటికి పోవాలె?" అన్నాడు.

ఏడింటికల్లా అక్కడ ఉండాలన్నాను.

"నాకు భయమైతున్నది సుగుణా" అన్నాడు. ఐదు నెలల్లో ఆ మాట ఆయన నోట ఒక్కసారి రాలేదు. వచ్చినవాళ్ళందరికీ దేవుడున్నాడు, తగ్గిపోతుంది అనే చెప్పాడు, నేనూ పక్కన నిలబడి అవునవునన్నాను.

"నాకు సుత" అన్నాను.